పోలిక బడి మాస్టారు

ఆ రోజుల్లో నా భయమల్లా ఒక ప్లాస్టిక్ కుర్చీ. పామంటే భయపడేవాళ్ళుంటారు, చీకటంటే భయపడేవాళ్ళుంటారు. నేను మాత్రం గుడివాడలో మా బావ ఎరువుల కొట్లో, యూరియా బస్తాల పక్కన ఎప్పుడూ ఖాళీగా ఉండే ఎర్ర కుర్చీని చూస్తే వణికిపోయేవాణ్ణి. "అది మా బావమరిది సీటండీ, ఇవాళో రేపో వచ్చి కూర్చుంటాడు" అని బావ (మా అక్క మొగుడు, మనసు వెన్న, నోరు మాత్రం కారం) కొట్టుకొచ్చిన ప్రతి రైతుకీ చూపించేవాడు. రోజూ గుడ్లవల్లేరు బస్సెక్కి వెళ్ళి ఇంజినీరింగు వెలగబెట్టినవాణ్ణి, ఆ కుర్చీలో కూర్చుని పురుగుమందు డబ్బాల మీద తేదీలు చూసుకోవడమేమిటని నాకు రోషం. ఆ రోషంలో ఉండగానే బందరులో ఓ స్వచ్ఛంద సంస్థవాళ్ళు మెడలో వేసుకునే కార్డూ, భుజానికి ఒక నల్ల బ్యాగూ ఇచ్చి ఏడాదికి ఉద్యోగంలో పెట్టుకున్నారు. కలెక్టరు పోస్టు వచ్చినంత సంబరపడ్డాను. ఏడాది చివర ఫలితం బాగుంటే ఉద్యోగం పర్మనెంటు అన్నారు. బాగోకపోతే ఏమిటో వాళ్ళు చెప్పలేదు గానీ నాకు తెలుసు.

పనేమిటంటే, ఆ సంస్థవాళ్ళు ఏడో తరగతి పిల్లలకి లెక్కలు బట్టీ పట్టకుండా ఆలోచించి చెయ్యడం నేర్పే పద్ధతి ఒకటి తయారుచేశారు. అంకెలు కనపడగానే కూడెయ్యడమో భాగించెయ్యడమో కాకుండా, ముందు లెక్కని సొంత మాటల్లో కథలా చెప్పుకోవాలి, బొమ్మ వేసుకోవాలి, జవాబు సుమారుగా ఎంత ఉంటుందో అనుకోవాలి, చేశాక వచ్చిన జవాబుని మళ్ళీ ఒకసారి అనుమానంగా చూడాలి. నేర్పేది బళ్ళో టీచర్లే. నా పని నేర్పడం కాదు, ఆ నేర్పినదాని వల్ల ఉపయోగం ఉందా లేదా అని తేల్చడం. (నాకే లెక్కలు అంతంతమాత్రమన్న సంగతి ఇంటర్వ్యూలో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.)

మా పెద్దసారుని మేం చాటుగా కంట్రోల్‌గారు అనేవాళ్ళం. ఆయన ఎప్పుడు నోరు విప్పినా ముందు ఆ మాటే వచ్చేది. ఊళ్ళని జతలుగా తీసుకుని, జతలో ఒక బడిలో మా పద్ధతి నేర్పించేవారు, రెండో బడిని ఉన్నదున్నట్టు వదిలేసేవారు. ఆ రెండోదే ఆయన కంట్రోలు, మా భాషలో పోలిక బడి. ఏడాది మొదట్లో రెండుచోట్లా పరీక్ష పెట్టాలి, చివర్లో మళ్ళీ పెట్టాలి. మొదటి బడి పైకి లేచి, పోలిక బడి ఉన్నచోటే ఉంటే మా పద్ధతి నెగ్గినట్టు, జిల్లా అంతా పెడతారు. రెండూ ఒకలాగే ఉంటే మా పద్ధతి దండగ అని డబ్బిచ్చేవాళ్ళు ఆపేస్తారు. "పోలిక బడికి మన గాలి కూడా సోకకూడదు" అని ఆయన మెల్లిగా చెప్పేవారు. గొంతు పెంచడం ఆయనకి చేతకాదు, అందుకే ఆయనంటే మాకందరికీ హడల్. ఏడాది చివర పెదపారుపూడి వైపు జతల్లో తేడా వచ్చీ రానట్టు వచ్చింది. ఇక ఆశంతా దివిసీమ జత మీదే, ఆ జత నాది.

దివిసీమలో పద్ధతి నేర్పే బడి పాలకాయతిప్పకి వెళ్ళే దారిలో, సముద్రం మీద వేటకి వెళ్ళేవాళ్ళ ఊళ్ళో ఉండేది. అక్కడి లెక్కల మేడమ్‌గారు మా పద్ధతికి దొరికిన వరం. సంస్థ పుస్తకంలో "సమాధానం యొక్క సముచితత్వాన్ని పరిశీలించుము" అని ఉంటే, "అంత మాట పలికేసరికి మా పిల్లలకి లెక్క మర్చిపోతుందండీ" అని దాన్ని తీసేసి, "ఇది జరిగే పనేనా?" అని పెట్టారావిడ. ఏడాది మొదటి పరీక్షలో, పడవకి ఆరుగురు చొప్పున ఇరవై మందిని ఏరు దాటించడానికి ఎన్ని పడవలు కావాలంటే, పడవల్లో పుట్టి పెరిగిన పిల్లలే మూడు పాయింటు మూడు పడవలని రాశారు. "పాయింటు మూడు పడవెక్కి మీ నాన్నని వేటకి పంపుతావా? ఇది జరిగే పనేనా?" అని ఆవిడ అడిగితే క్లాసంతా నవ్వింది. అప్పట్నుంచి ఆ పిల్లలు జవాబు రాసిన ప్రతిసారీ ఆ మాట అనుకోందే పెన్ను కింద పెట్టేవారు కాదు.

పోలిక బడి అదే రోడ్డు మీద అవనిగడ్డ వైపు వస్తే తగులుతుంది, చుట్టూ వరిచేలు. ఏది పద్ధతి బడో ఏది పోలిక బడో దూరాన నగరంలో కూర్చుని చీటీలు తీసి నిర్ణయించారు. అక్కడి లెక్కల మాస్టారు పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో, ఎవరినీ లెక్కచెయ్యనట్టుండే మనిషి. మొదటిరోజు నేను కార్డు కనపడేలా సర్దుకుని, "మాస్టారూ, మీరు మామూలుగా చెప్పేదే చెప్పండి, ఈ ఏడాది కొత్తగా ఏమీ చెయ్యకండి" అన్నాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, "అంటే ఇంకా బాగా చెప్పొద్దని చెప్పడానికి బందరు నుంచి వచ్చారా అండీ?" అన్నారు. నేను తెలివిగా నవ్వాననుకున్నాను.

సంవత్సరం చివరి పరీక్ష పెట్టడానికి మొదట మేడమ్‌గారి బడికి వెళ్ళాను. పెళ్ళికి ముప్పై మంది బయల్దేరారు, ఆటోకి ఎనిమిది మంది పడతారు, ఎన్ని ఆటోలు కావాలన్నది ఒక లెక్క. పిల్లలు బొమ్మలు గీశారు, గుసగుసగా కథ చెప్పుకున్నారు, పాయింటు ఆటో ఒక్కటి కూడా రాయలేదు. ఒకమ్మాయి "నాలుగు. సర్దుకుంటే మూడు చాలు" అని రాసింది. (దానికి మార్కు వెయ్యాలా వద్దా అని కంట్రోల్‌గారికి ఫోన్ చేస్తే, చాలాసేపు ఆలోచించి, వెయ్యమన్నారు.) మార్కులు చూసి ఆ సాయంత్రం నేలమీద నడవలేదు నేను. బావ ఫోన్ చేసి "ఏరా, ఆఫీసరుగారూ, కుర్చీ దులపమంటావా?" అంటే, "ఎవరికైనా అమ్మేసుకో బావా" అన్నాను. రేపు పోలిక బడి పిల్లలు మామూలుగా రాస్తే చాలు, నా బతుకు గట్టెక్కినట్టే.

మర్నాడు పోలిక బడిలో కాగితాలు పంచి, గోడకానుకుని నిలబడ్డాను. కాసేపు బాగానే ఉంది. తర్వాత ముందు బెంచీ కుర్రాడు లెక్క చదివి, పెన్ను పక్కన పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించడం మొదలుపెట్టాడు. పోలిక బడి పిల్లాడికి ఆలోచన ఎందుకు? మెల్లిగా వాడి పక్కకి జరిగాను. వాడు కాగితం అంచున ఓ ఆటో బొమ్మ గీశాడు. పక్కవాడు కూడా గీశాడు. వెనక బెంచీల దాకా నడిచి చూస్తే ఎక్కడ చూసినా ఆటోలే, చిన్న చిన్న చక్రాలతో, పద్ధతి ప్రకారం బారులు తీరి ఉన్నాయి. చచ్చానురా దేవుడా అనుకుంటున్నంతలో, రెండో వరసలో రెండు జడల పిల్ల తను రాసిన జవాబు వంక చూసి, తల అడ్డంగా ఊపి, "ఇది జరిగే పనేనా" అని తనలో తాను గొణుక్కుని కొట్టేసింది. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఆ మాట సముద్రం ఒడ్డున ఒక్క మేడమ్‌గారి క్లాసులో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

చదువు చెప్పే చోట నిలబడి, పిల్లలు లెక్క తప్పు చెయ్యాలని దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. మోపిదేవి స్వామికి కొబ్బరికాయ మొక్కాను. ఒకడు తప్పు గుణిస్తుంటే, 'అలాగే నాయనా, అలాగే పోనీ' అని మనసులో బతిమాలాను. ఆ వెధవ చివరి నిమిషంలో సరిచేసుకున్నాడు. కాగితాలు తీసుకుని వరండాలో కూర్చుని దిద్ది, నమ్మకం చాలక మార్కులు రెండుసార్లు కూడుకున్నాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. మేడమ్‌గారి బడికీ దీనికీ నలుసంత తేడా లేదు. ఆ తేడా మీదే నా ఉద్యోగం, జిల్లా అంతా రాబోయే ప్రోగ్రామూ నిలబడి ఉన్నాయి.

"మాస్టారూ, వీళ్ళకి ఇవన్నీ ఎవరు చెప్పారండీ?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "పిల్లలండీ. వాళ్ళకే తడుతుంటాయి" అన్నారు. "బొమ్మలు?" "బొమ్మలు వెయ్యని పిల్లలు ఎక్కడైనా ఉంటారా?" "జరిగే పనేనా అని ఆ అమ్మాయి..." అని నేను అంటుండగానే ఆయన లేచి, "మీకు బస్సు టైమైపోతోందేమో చూసుకోండి" అన్నారు. బస్సు అప్పటికే పోయింది. మా పుస్తకాలు ఎవరో ఎత్తుకొచ్చి ఇచ్చారా, మా ఆఫీసులోనే దొంగ ఉన్నాడా, కొంపదీసి నేనే ఎప్పుడైనా బ్యాగు ఇక్కడ మర్చిపోయానా అని నా బుర్ర తిరిగిపోతోంది. బడి వదిలాక ఇద్దరం రోడ్డు మీద కల్వర్టు దగ్గర నిలబడ్డాం. ఆయన బండి స్టాండు వేసి ఉంది, ఎందుకో ఎక్కి వెళ్ళకుండా సముద్రం వైపు రోడ్డు చూస్తూ ఇబ్బందిగా అటూ ఇటూ కదులుతున్నారు. "నాకోసం ఆగకండి మాస్టారూ, నేను ఆటోలో పోతాను" అన్నాను. "మీకోసం కాదండీ, మా ఆవిడ రావాలి" అన్నారు, అదేదో పోలీసు స్టేషన్లో చెప్పినట్టు.

అటువైపు నుంచి షేరాటో వచ్చి ఆగింది. అందులోంచి భుజాన బ్యాగుతో, చేతిలో టిఫిను డబ్బాతో మా మేడమ్‌గారు దిగారు. దిగి, "ఏమండీ, ఆలస్యమైందా" అని మాస్టారుని అడిగి, నన్ను చూసి, "మీరేంటండీ ఇక్కడ?" అన్నారు. నేను కల్వర్టు గోడ మీద కూలబడ్డాను. ఇద్దరూ అవనిగడ్డలో ఒకే ఇంట్లో కాపురం. పొద్దున ఆయన ఆవిణ్ణి ఇక్కడి దాకా బండి మీద తెచ్చి ఆటో ఎక్కిస్తారు, సాయంత్రం ఆవిడ ఆటో దిగితే ఇద్దరూ బండి మీద ఇంటికి పోతారు. నగరంలో చీటీలు తీసినవాళ్ళకి బడి పేర్లే గానీ, ఏ టీచరు ఎవరి మొగుడో ఏం తెలుసు? నేనేమో ఎప్పుడూ మధ్యాహ్నం బస్సుకే చెక్కేసేవాణ్ణి. మొగుణ్ణీ పెళ్ళాన్నీ చెరో గట్టున నిలబెట్టి, గాలి సోకకూడదని ఏడాదంతా కాపలా కాశాను.

మార్కుల సంగతీ, మాస్టారిదే పోలిక బడన్న సంగతీ చెప్పాను. మేడమ్‌గారి మొహం మొదట వెలిగింది. "అయ్యో, ఈయన పిల్లలు కూడా అంత బాగా రాశారా?" అన్నారు. తర్వాత మెల్లిగా మాస్టారు వైపు తిరిగారు. "అంటే, రోజూ బండి మీద 'ఇవాళ క్లాసులో ఏం చెప్పావ్, ఆ తర్వాత ఏమన్నావ్, పిల్లలేమన్నారు' అని అడిగింది ఇందుకా?" మాస్టారు బండి అద్దం సరిచేసుకున్నారు. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా మాట వింటున్నారనుకున్నానండీ" అని ఆవిడ నాతో అన్నారు. "మా అక్కకి కూడా ఫోన్ చేసి చెప్పుకున్నాను, ఈయన మారారే అని." అని, వెనక్కి తిరిగి అదే ఆటో ఎక్కేశారు. నేనూ చేసేదేం లేక డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను.

ఆ ఆటో ప్రయాణం నేను మర్చిపోలేను. మాస్టారు బండి మీద ఆటో పక్కనే వస్తూ, గాలికి చొక్కా ఎగురుతుంటే, "అది కాదే, నేను చెప్పేది విను" అని అరుస్తున్నారు. మేడమ్‌గారు ఎదురుగా చూస్తూ నాతో మాట్లాడుతున్నారు. "ఆయన్ని రోడ్డు చూసి నడపమని చెప్పండి" అంటే నేను తల బయటికి పెట్టి, "రోడ్డు చూసి నడపమంటున్నారు మాస్టారూ" అని చెప్పాలి. "నేను ఒక్క పుస్తకం ముట్టలేదని చెప్పండి, ఆవిడ చెప్పింది విన్నానంతే" అని ఆయనంటే అది లోపలికి చేరవెయ్యాలి. "నువ్వు అంత బాగా చెప్తుంటే తెల్లారి క్లాసులో నోరు కట్టేసుకుని ఎలా ఉంటానే? నీ పిల్లలు ఒడ్డెక్కాలి, నా పిల్లలు పాయింటు మూడు పడవలో మునిగిపోవాలా?" అని ఆయన మలుపులో అరిచేసరికి, ఎదురొచ్చిన లారీవాడు ఆయన్ని తిట్టిపోయాడు. రొయ్యల తట్ట ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ మేడమ్‌గారి మోకాలు తట్టి, "బండెక్కి పోమ్మా, లేకపోతే మీ ఆయన మా ఆటో కింద పడేట్టున్నాడు" అంది. మేడమ్‌గారికి నవ్వొచ్చింది గానీ దిగలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇక్కడ వీళ్ళ కాపురం గొడవ రాత్రికి సర్దుకుంటుంది, నా ఉద్యోగం సంగతేమిటని లోపల ఒకటే గుబులు.

అవనిగడ్డలో దిగాక మేడమ్‌గారు, "మా మొహం చూసి ఏదీ దాచకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యండి" అన్నారు. నాకు అప్పటిదాకా దాచొచ్చన్న ఆలోచనే రాలేదు, ఆవిడ అన్నాకే వచ్చింది. బందరు బస్సు పులిగడ్డ దగ్గర కృష్ణ మీద వంతెన దాటుతుంటే బ్యాగు కిటికీలో పెట్టుకుని కిందికి చూశాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి. చెయ్యి జారిందని చెప్తే పోలిక బడి కాగితాలు ఎవరడుగుతారు? చల్లపల్లి దాకా ఆ ఊహతోనే కొట్టుకున్నాను. తీరా ఆ ఆటో బొమ్మలు గుర్తొచ్చాయి, ఒక్కో చక్రం ఎంత శ్రద్ధగా గీశారో. బ్యాగు ఒళ్ళోకి లాక్కుని జిప్పు వేశాను.

కంట్రోల్‌గారికి అంతా చెప్పాను. పోలిక బడి కాగితాలు తీసుకుని ఒక్కొక్కటే చదివారు. "పుస్తకాల్లేవు, ట్రైనింగు లేదు, బండి మీద పెళ్ళాం చెప్పింది విని?" అని అడిగారు. "అవునండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మన పద్ధతి పనిచేస్తుందనడానికి ఇంతకంటే రుజువు నేను నా సర్వీసులో చూళ్ళేదయ్యా. కానీ రిపోర్టులో రాయడానికి ఇది రుజువు కాదు" అన్నారు. నేను కక్కలేక మింగలేక, "మరి మన ప్రోగ్రామండీ?" అన్నాను. "డబ్బిచ్చేవాళ్ళు తేడా చూపించమంటారు. తేడా ఏది?" అన్నారు, ఎప్పటిలాగే మెల్లిగా. దివిసీమ జత కొట్టేశాక మిగిలినవాటితో ఏమీ నిలబడలేదు. వేసవి సెలవులు రాకముందే ప్రోగ్రాము మూసేశారు, దాంతో నా కార్డు గడువు కూడా అయిపోయింది. వెళ్ళి ఆ ఎర్ర కుర్చీలో కూర్చున్నాను, బావ పాపం కొట్లో ఎవరిముందూ ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది.

కార్డు తిరిగిచ్చేసే ముందు, ఆఖరి పనిగా బళ్ళలో ఉన్న సామాను వెనక్కి తెమ్మని నన్నే పంపారు. మేడమ్‌గారు చెక్క దిమ్మలూ చార్టులూ తుడిచి, అట్టపెట్టెలో సర్ది ఉంచారు. టీ ఇప్పించబోతే, బళ్ళో ఏమీ తీసుకోకూడదు, మా రూల్సు ఒప్పుకోవు అన్నాను. (రేపట్నుంచి ఉద్యోగమే లేనివాడికి రూల్సు.) ఆవిడ పెట్టెకి తాడు కడుతూ అడిగారు. "అయితే అండీ, నా పిల్లలకీ లెక్కలు వచ్చేశాయి, ఆయన పిల్లలకీ వచ్చేశాయి. అందుకని ఆపేస్తున్నారా?" నేను సుద్దముక్క తీసుకున్నాను. బోర్డు మీద ఒక గీత పైకి, ఒక గీత అడ్డంగా గీసి, రెండింటి మధ్య దూరాన్ని తేడా అంటారని, ఆ తేడాయే ఫలితమని, రెండు గీతలూ కలిసి లేస్తే ఫలితం సున్నా అని, కంట్రోల్‌గారు చెప్పినదానికంటే కూడా బాగా వివరించాను. తప్పు చేస్తున్న పిల్లాణ్ణి మధ్యలో ఆపకుండా చివరిదాకా చెయ్యనిచ్చే టీచరులా ఆవిడ ఓపిగ్గా విన్నారు. విని, "మీరు చెప్పింది నాకు అర్థమైందండీ. నేను అడిగిందే మీకు అర్థమైనట్టు లేదు" అన్నారు, ఎంతో మర్యాదగా. నేను ఆవిడకి గణాంకాలు తెలియవు పాపం అనుకుంటూ పెట్టె ఎత్తుకుని వచ్చేశాను.

ఇప్పుడు నేను మళ్ళీ అదే పనిలో ఉన్నాను, కొత్తగా చేరే కుర్రాళ్ళకి నేర్పే స్థాయికి వచ్చాను. బళ్ళు ఎంచేముందు ఏ టీచరు ఎవరి ఇంట్లోవాళ్ళో కనుక్కోమని అందరికంటే ముందు చెప్పేది నేనే. వాళ్ళ ముందు బోర్డు మీద ఆ రెండు గీతలూ గీస్తుంటాను, చెయ్యి తిరిగింది కాబట్టి బాగానే వస్తాయి. మెడలో కార్డు సర్దుకుని ముందు వరసలో కూర్చునే కుర్రాణ్ణి ఎవరినైనా చూస్తే, ఆ సముద్రపు బళ్ళో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డవాడు గుర్తొచ్చి లోలోపల నవ్వుకుంటాను. వాడికి జవాబు తెలుసు. మేడమ్‌గారు అదే ప్రశ్న ఇవాళ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పటి నేనైతే ఆ రోజు తెలీదండీ అని చెప్పి, ఆ పెట్టె మీదే కూర్చుని, ఆవిడ ఇప్పించిన టీ తాగేవాణ్ణి.